పురిటి మైలకు తలుపు తీసిన ఇల్లు

నేను పుట్టింది ఊళ్లో కాదు. ఊరి బయట, కంపచెట్ల మధ్య వేసిన గుడిసెలో. గుడిసె అనడం కూడా ఎక్కువే. నాలుగు కట్టెలు, మీద ఇంత బోదగడ్డి. లోపల కూర్చోవచ్చు గానీ నిలబడడానికి కుదరదు. గొర్రెలు మేపుకుని బతికే మా హట్టిలో అది ఆచారం. హట్టి అంటే మా వాళ్ల ఇళ్ల గుంపు. నొప్పులు మొదలైన ఆడది హట్టి దాటి బయటికి పోవాలి. అక్కడే కని, రెండు నెలలు బిడ్డతో అక్కడే ఉండాలి. పురిటి మైల ఇంటికి సోకితే ఇంటి దేవుడికి కోపం వస్తుందని, మందకు తెగులు తగులుతుందని నమ్మకం. ముద్ద తెచ్చే మనిషి కూడా దూరంగా పెట్టి పోవాలి.

మా అమ్మ నన్ను ఒంటరిగా కన్నది. గొర్రెబొచ్చు తీసే కత్తెరతో బొడ్డు తానే కోసింది. పొద్దున రాగిముద్ద తెచ్చిన మా అవ్వ దూరం నుంచే అడిగిందట.

"ఏం పుట్టిందే?"

"ఆడపిల్ల."

"మళ్లానా?"

అంతే. ముద్ద అక్కడ పెట్టి వెళ్లిపోయింది. నేను మూడో ఆడపిల్లను. నా పుట్టుకకు ఈ లోకం పలికిన స్వాగతం ఆ ఒక్క మాటే. బుద్ధి తెలిసిన తర్వాత నేనే ఒకసారి అడిగాను, నన్నెందుకు కన్నావే అని. గొర్రెకు నీళ్లు పెడుతున్న మా అమ్మ తల కూడా ఎత్తలేదు.

"నేనేమన్నా అడిగి కన్నానా? వచ్చినావు, ఉండావు."

దాదాపు అరవై ఏళ్లు ఆ మాటతోనే బతికాను. వచ్చాను, ఉన్నాను. ఎందుకు వచ్చానని అడిగే తీరిక గొర్రెల వెంట తిరిగే మనిషికి ఉండదు.

మంగళవాడ వైపు పుట్టినదాన్ని, ఇప్పుడు సోలారు పలకలు పరిచిన వైపు హట్టికి కోడలిగా వచ్చాను. నేనూ బయటనే కన్నాను, మూడుసార్లు. మొదటిది మగబిడ్డ. ముసురులో పుట్టాడు. నాలుగో రోజు పొద్దున ఏడవలేదు. మంచి బిడ్డ, నిద్రపోతున్నాడు అనుకున్నాను. అందరూ అట్లే అన్నారు. మధ్యాహ్నానికి ఒళ్లు రాయిలా అయింది. దాని గురించి ఇంతకంటే రాయను. తర్వాత పుట్టిన ఇద్దరు ఆడపిల్లలు బతికారు, పెళ్లిళ్లయి వెళ్లారు.

సోలారు వాళ్లు వచ్చి భూములు గుత్తకు అడిగారు. వర్షం లేని నేలలో వేరుశనగ వేసి వేసి విసిగిపోయి ఉన్నాం. మా ఆయన వేలిముద్ర వేశాడు, పక్కనే నేనూ వేశాను. మేతకు పోయే దారులకు కంచె పడింది. మా మరిది, అంటే మా ఆయన తమ్ముడు, మందను అమ్మలేదు. కొడుకును గొర్రెలతో కళ్యాణదుర్గం వైపు పంపి నెట్టుకొచ్చాడు. మా ఆయన మాత్రం అమ్మేశాడు. మంద పోయాక ఎక్కువ కాలం బతకలేదు. పొద్దున లేచి ఎక్కడికి పోవాలో తెలియని మనిషి ఎన్నాళ్లు బతుకుతాడు?

నేను కూలికి పోయాను. ఒకప్పుడు మా గొర్రెలు మేసిన నేలలోనే. పలకల కింద గడ్డి కోయడం, పలకల మీద దుమ్ము కడగడం. మా గుంపులో పక్క ఊరి ఆమె ఒకతె ఉండేది. ఆమె భర్త పాస్టరు. పావగడలో బాడుగ గదిలో ఆదివారం ప్రార్థన జరిపేవాడు. మిగతా ఆరు రోజులు ఆయన గారపని, ఆమె మాతో గడ్డిపని. మేమంతా పాస్టరమ్మ అనేవాళ్లం. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది.

"పెద్దమ్మా, రేపు క్రిస్మస్ కూడిక ఉండాది. రా. భోజనం కూడా ఉంటాది" అని పిలిచింది.

భోజనానికే పోయాను. అబద్ధం ఎందుకు? నాకు రోగం నయమై ప్రభువును నమ్మలేదు. కలలో ఎవరూ కనిపించలేదు. అన్నం ఉడికేదాకా కూర్చోవాలి గదా అని కూర్చున్నాను. పాస్టరమ్మ నల్ల అట్ట పుస్తకం తెరిచి చదివింది. నిండు గర్భిణి ఒకామె ఊరుగాని ఊరు వచ్చింది. లోపల ఎక్కడా ఆమెకు చోటు దొరకలేదు. బయట కని, బిడ్డను పశువులు మేత తినే తొట్టిలో పడుకోబెట్టింది. ఆ కబురు మొట్టమొదట పొలంలో గొర్రెలు కాసుకునేవాళ్లకు అందింది. ఆ బిడ్డే ప్రభువు అంది.

నేను లేచి నిలబడ్డాను.

"యాడ రాసిండారు అది?"

గదిలో అందరూ వెనక్కి తిరిగారు. పాస్టరమ్మ పుస్తకం నా ముందుకు తెచ్చింది. "ఈడే పెద్దమ్మా, చూడు."

చూశాను. నల్ల చీమల బారులు.

"నాకేం తెలుస్తాది? గొర్రెలోళ్లు వచ్చినారని గొర్రెల కథ చెప్తాండావేమో. రేపు కోళ్లోళ్లు వస్తే కోళ్ల కథ చెప్తావా?"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది గానీ ఊరుకోలేదు. "నన్ను నమ్మొద్దు పెద్దమ్మా. అక్షరాలు నేర్చుకో. నువ్వే చదివి చూసుకో."

"నేర్పియ్యి, చూద్దాం" అన్నాను. పంతానికే అన్నాను.

పలకలు పొద్దున ఎండ ఎక్కకముందే కడగాలి. వేడెక్కిన అద్దం మీద చల్లనీళ్లు పడితే పగులుతుందని భయం. ఆ వేళకు అద్దం మీద గోధుమరంగు దుమ్ము మెత్తగా పరుచుకుని ఉంటుంది. పాస్టరమ్మ ఆ దుమ్ములో వేలితో ఒక అక్షరం రాసేది. నేను దాని కింద పదిసార్లు దిద్దేదాన్ని. తర్వాత నీళ్లు కొట్టి కడిగేవాళ్లం. పక్క పలక మీద మళ్లీ అదే అక్షరం. మా తాలూకాలో నా అంత పెద్ద పలక మీద దిద్దినవాళ్లు ఇంకెవరూ ఉండరు. ఒకరోజు సూపర్‌వైజరు చూశాడు.

"ఏంది పెద్దమ్మా, ముగ్గులేస్తాండావా?"

"ఎట్లా కడిగేదే గదప్పా. కడిగేముందు ఏం గీస్తే నీకేం?"

తల కొట్టుకుని పోయాడు. మర్నాడు ఆయనే నా అక్షరానికి కొమ్ము సరిగా లేదని చెప్పి పోయాడు.

ఏడాదిన్నర పట్టింది. ఇప్పటికీ నాకు వచ్చింది తెలుగు అక్షరాలే. మేముండేది కర్ణాటక, పావగడ బస్టాండులో బోర్డులన్నీ కన్నడం. ఏ బస్సు ఎక్కడికి పోతుందో ఇంకా అడిగే ఎక్కుతాను. కానీ ఆ తొట్టి కథలోని నాలుగు వరుసలు చదివిన రోజు నాకు ఏ బస్సూ అక్కర్లేదనిపించింది. ఒక ఆదివారం కూడిక అయ్యాక గది మూలన కూర్చుని వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. అందరూ భోజనం చేసి పళ్లేలు కడుక్కుని పోయేసరికి ఆ నాలుగు వరుసలూ అయ్యాయి.

ఉంది. ఆమె చెప్పింది చెప్పినట్టే ఉంది. చోటు లేకపోవడం ఉంది, తొట్టి ఉంది, గొర్రెలవాళ్లూ ఉన్నారు.

నేను గట్టిగా నవ్వాను. ఏడ్చాను అని రాస్తే బాగుంటుందేమో గానీ నేను నవ్వాను. ఇన్నాళ్లూ దేవుడంటే బయట పుట్టినవాళ్లను చూసి మొహం తిప్పుకునేవాడని అనుకున్నాను. ఈయనే బయట పుట్టాడు! మా వాడే! ఆ నెలలోనే బాప్తిస్మం తీసుకున్నాను.

మా మరిదికి కోపం వచ్చింది. హట్టికి పెద్ద ఆయనే, ఇంటి దేవుడికి పూజ చేసేదీ ఆయనే. "ఆ ఇల్లు మైలపడింది. ఆ గడప ఎవరూ తొక్కొద్దు" అని చెప్పాడు. నా ఇంట్లో నీళ్లు తాగడం మానేశాడు. నేను రోజూ ఎదురుపడి "బాగుండావా మరిదీ" అనేదాన్ని. ఆయన దగ్గేవాడు. అదే జవాబు.

అక్షరాలు వచ్చాయి గానీ ఒక చిక్కు వచ్చి పడింది. కూడికలో తరచుగా 'పిలుపు' అనేవాళ్లు. ప్రభువు ఒక్కొక్కరిని ఒక పనికి పుట్టించి పిలుస్తాడట. నాకు ఆశ పుట్టింది. సభలో వాక్యం చదవడమే నా పిలుపు అనుకుని ఒక ఆదివారం ముందుకు వెళ్లాను. ఆరు వరుసలు చదివేసరికి ముందు వరుసలో ముసలాయన కునికిపాట్లు పడ్డాడు. పాటలు పాడబోయాను. మందను కేకేసి కేకేసి బిగుసుకున్న గొంతు నాది. పాడితే పక్కనున్నవాళ్లు ఉలిక్కిపడ్డారు.

"పాస్టరమ్మా, మరి నన్నెందుకు పిలిచినాడు?" అని అడిగాను.

"తెలుస్తాది లే పెద్దమ్మా. ప్రార్థన చెయ్యి."

"అరవై దాటినాయి. ఆయనకేం, కూర్చోని చూస్తాడు. నాకు టయిం లే" అన్నాను.

కిందటేడు కాదు, అంతకు ముందు ఏడు, కార్తీకంలో ముసురు పట్టింది. మా వైపు వాన రాదు. వస్తే ఇట్లాగే, తుపానుకు చలిగాలితో కలిసి వస్తుంది. అప్పటికి వారం ముందు మా మరిది కోడలు పావగడ ఆస్పత్రిలో ఆడపిల్లను కన్నది. ఇప్పుడు కాన్పులు ఆస్పత్రిలోనే. కానీ ఆస్పత్రి నుంచి తిరిగి వచ్చాక మాత్రం పాత పద్ధతే, హట్టిలోకి రాకూడదు. పాత గుడిసె చోటు సోలారు కంచె లోపలికి పోయింది గదా, అందుకని కంచె పక్కన టార్పాలిను కట్టి తల్లీబిడ్డలను అందులో పెట్టారు. భర్త మందతో దూరాన ఉన్నాడు. నేను పోయి చూస్తానంటే మరిది వద్దన్నాడు. "నీ మైల ఒకటి, దాని మైల ఒకటి. రెండూ కలపొద్దు వదినా" అన్నాడు. మాట పెంచడం ఎందుకని ఊరుకున్నాను. తప్పు నాదే.

ముసురు మూడో రోజు పొద్దున పనికి పోతూ కంచె పక్కన ఆగాను. టార్పాలిను నీళ్లతో కడుపులా కిందికి వేలాడుతోంది. లోపల ఆ పిల్ల మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి సన్నగా అంది.

"పెద్దత్తా, పాప నిన్న సాయంత్రం నుంచి పాలు తాగలా. ఏడవనూ లే. అత్త చూసి మంచి పాప, సతాయించదు అనింది."

 వంగి లోపలికి దూరాను. బిడ్డ పాదం పట్టుకున్నాను. చల్లగా ఉంది. పెదవులు నీలం తిరిగాయి. ముక్కు దగ్గర చెవి పెడితే ఊపిరి ఉందో లేదో అన్నట్టు ఉంది. ఇంకేం ఆలోచించలేదు. తడిగుడ్డ ఊడదీసి, బిడ్డను నా రవిక లోపలికి, ఒంటికి ఆనించి పెట్టుకున్నాను. పైన కంబళి కప్పుకున్నాను. ఈతకు, అంటే ఈనడానికి వచ్చిన మందలో చలికి బిగుసుకున్న పిల్లను మేము ఎట్లా పెట్టుకుంటామో అట్లాగే.

"లెయ్. నా ఇంటికి పోదాం" అన్నాను.

"మామ సంపుతాడు పెద్దత్తా."

"నన్ను ముందు సంపనీ. లెయ్."

పాస్టరమ్మకు ఫోన్ చేసి ఆటో పంపమన్నాను. వానలో పావగడ నుంచి రావాలంటే గంట పైన పడుతుంది. అంతసేపు ఆ టార్పాలిను కింద బిడ్డ నిలవదు. హట్టి మొదటి ఇంటి దగ్గరే మా మరిది గోనెసంచి తలమీద వేసుకుని అడ్డం నిలబడ్డాడు. వెనక పదిమంది.

"వదినా! ఆడే ఆగు. ఇంకొక్క అడుగు ఏస్తే బాగుండదు."

"బిడ్డ చల్లబడింది మరిదీ. పాలు తాగలే, ఏడవలే."

"ఏడవకుంటే మంచిదే గదా! దానికోసం మైలతో హట్టిలోకి వస్తావా? నా కొడుకు మందతో ఉండాడు. గొర్రెలకు ఏమన్నా అయితే ఎవురు అడ్డం పడతారు? నీ యేసు వచ్చి కాస్తాడా?"

"నలభై ఏండ్లు మంద తోలినావు. నేనొకటి అడుగుతా, చెప్పు. ఈతకొచ్చిన మందలో బే అనని పిల్లను చూసి మంచి పిల్ల అంటావా?"

ఆయన గోనెసంచి ముందుకు లాక్కున్నాడు.

"చెప్పప్పా. బే అనని పిల్లను ఏం చేస్తావు?"

"కంబళిలో ఏసుకుంటా" అన్నాడు, ఎటో చూస్తూ.

"ఏసుకోని? వానలో ఇడుస్తావా, పొయ్యికాడికి తెస్తావా?"

 ఆయన దారి ఇవ్వలేదు. నేనే పక్కకు తిరిగి ఆయనను దాటాను. ఆ పిల్ల నా కొంగు పట్టుకుని వెనకాలే వచ్చింది. ఎవరూ మమ్మల్ని తాకలేదు. తాకితే మైల గదా, అది మాకు కలిసొచ్చింది! వెనక నుంచి మరిది అరిచాడు.

"బిడ్డకు ఏమన్నా అయితే నీ యేసు మీదే ఏస్తాం వదినా!"

"ఏయండి. ఆయన మొయ్యలేనిదా?"

నోరు అట్లా అంది గానీ తలుపు వేసుకున్నాక భయం పట్టుకుంది. బిడ్డ నా ఇంట్లో పోతే ఆ తల్లికి ఏం చెప్పను? హట్టిలో ఇక ఏ బిడ్డనైనా ఎవరైనా ముట్టనిస్తారా? పొయ్యి రగిలించి దాని పక్కన కూర్చున్నాను. ఒక చేత్తో కంబళి లోపల బిడ్డ వీపు రుద్దుతూనే ఉన్నాను. తల్లిని పొడిచీర కట్టుకోమని, ఉగ్గుగిన్నెలోకి పాలు పిండమన్నాను. వేలు ముంచి బిడ్డ పెదవికి రాశాను. మింగలేదు. తుడిచి మళ్లీ రాశాను. గొర్రెపిల్లకు ఓపిక పట్టినట్టే పట్టాలి, తొందరపడి పోస్తే ఊపిరికి అడ్డం పడుతుంది. నాకు తెలిసిన ప్రార్థనలన్నీ మరిచిపోయాను. నోటికి వచ్చింది ఇది: "ప్రభువా, నాకు చదివేది సరిగా రాదు. పాడేది అసలే రాదు. ఇదొక్కటి వచ్చు. దీన్ని కాదనొద్దు."

ఎన్నోసారి రాశానో తెలియదు. పెదవి కదిలింది. నాలుక నా వేలిని తాకింది. ఆ తర్వాత చప్పరించింది.  కాసేపటికి నా రొమ్ము మీద కాళ్లు తన్నుకున్నాయి. కేరుమని ఏడ్చింది చూడండి, ఆ ఏడుపుకు పెంకులు లేస్తాయనిపించింది. నేను తలుపు తీసి గడపలో నిలబడ్డాను. మా మరిది ఇంకా వానలోనే, నా ఇంటికి ఎదురుగా నిలబడి ఉన్నాడు. పోలేదు.

"విన్నావా మరిదీ? బే అనింది!"

ఆయన తలమీది గోనెసంచి తీసి మొహం తుడుచుకున్నాడు. వాననీళ్లేనంటాడు. అననీ.

ఆటో వచ్చింది. ఆస్పత్రికి కంబళిలో నుంచి తీయకుండానే తీసుకుపోయాను. చూసిన డాక్టరమ్మ అడిగింది, "ఇట్లా ఒంటికి ఆనించి పెట్టుకుని తీసుకురమ్మని ఎవరు చెప్పారమ్మా?"

"గొర్రెలు చెప్పినాయి" అన్నాను. ఆమె నవ్వలేదు. మంచి పని చేశావు, ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేది అంది.

ఆ వారం ఆదివారం నేరుగా ఆస్పత్రి నుంచే కూడికకు పోయాను. మా కూడికలో ఆ వారం పుట్టినరోజు ఉన్నవాళ్లను ముందుకు పిలిచి పాట పాడతారు. నేను ఎప్పుడూ పోలేదు. నేను పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు. ఆధార్ కార్డులో జనవరి ఒకటి అని ఉంది, మా హట్టిలో ముసలివాళ్లందరికీ జనవరి ఒకటే. ఆ రోజు మాత్రం లేచి ముందుకు పోయి నిలబడ్డాను. పాస్టరు వింతగా చూశాడు.

"పెద్దమ్మా, మీది జనవరిలో గదా?"

"అది ఆఫీసోళ్లు పెట్టిన దినమప్పా. నేనెందుకు పుట్టినానో నాకు ఈ వారమే తెలిసింది. పాడండి."

పాడారు. నేనూ పాడాను. ఈసారి ఎవరు ఉలిక్కిపడినా ఆపలేదు.

తల్లీబిడ్డలు ఆస్పత్రి నుంచి వచ్చే రోజు హట్టి పెద్దలు కూర్చున్నారు. రెండు నెలలు నిండలేదు. టార్పాలిను కింద మళ్లీ పెట్టడానికి ఎవరికీ నోరు రాలేదు. లోపలికి రానివ్వడానికీ ధైర్యం చాలలేదు. చివరికి మా మరిదే తేల్చాడు. నా వైపు చూడకుండా, నేలకేసి చెప్పాడు.

"వదిన ఇల్లు ఎట్లా మైలపడిన ఇల్లే. అది హట్టి లోపల ఉన్నా బయట కిందే లెక్క. బాలింతను ఆడ పెట్టుకోవచ్చు. ఆచారం తప్పినట్టు కాదు."

తర్వాత నా కూతుళ్లకు ఫోన్‌లో చెబితే, అది అవమానమమ్మా, ఎట్లా ఒప్పుకున్నావు అన్నారు. అవమానమా? ఆ ఇంటికి గోడలున్నాయి, కప్పుంది, పొయ్యి ఉంది, నేనున్నాను. "నా ఇల్లు బయటే అనుకోండప్పా, నాకేం!" అని ఆ రోజు పెద్దలందరి ముందే చెప్పి, పోయి మంచం వేశాను. హట్టి దేవుడికి పరువు దక్కింది, పాపకు కప్పు దక్కింది. నాకేం దక్కిందో చెప్పాలంటే ఈ కాగితాలు చాలవు.

ఆ పాప ఇప్పుడు నడుస్తోంది, నోరు కూడా పెద్దదే. ఆ తర్వాత మా హట్టిలో ఏ బాలింతా కంచె పక్కన పడుకోలేదు. ఒకరి తర్వాత ఒకరు నా ఇంటికే వచ్చారు. కాపడం పెట్టాను, పథ్యం వండాను, ఒకరి మేనమామ గొడవకు వస్తే చీపురు చూపించాను. బిడ్డ నిద్రపోయాక ఆ నల్ల అట్ట పుస్తకం తెరిచి నా వేగంతో నేను చదువుకుంటాను. వినాలనుకున్నవాళ్లు వింటారు, లేనివాళ్లు నిద్రపోతారు, బాలింతకు నిద్రా మంచిదే. మా మరిది ఇప్పటికీ నా ఇంట్లో నీళ్లు తాగడు. గడప అవతల నిలబడి పలకరించి పోతాడు. నేను పోరు పెట్టను.

మొన్న మధ్యాహ్నం పలకల కింద గడ్డి కోస్తుంటే ఫోన్ మోగింది. మరిది.

"వదినా, యాడుండావు?"

"పనికాడ. గడ్డి కోస్తాండా."

"గడ్డి యాడికి పోతాది, రేపు కోద్దువు. ఇంటికి పోయి నీళ్లు కాగబెట్టు. మన పడమటి ఇంటి కోడలు బిడ్డను ఎత్తుకోని వస్తాండాది. ఆటో పావగడ దాటింది."

"ఏం బిడ్డ?"

"ఆడపిల్ల. బాగుండాది. గట్టిగా ఏడుస్తాండాదంట."

కొడవలి పాస్టరమ్మ చేతిలో పెట్టి కంచె గేటు దాటాను. ఈ వయసులో పరుగెత్తకూడదంటారు. పరుగెత్తాను. పుట్టించినందుకు స్తోత్రం ప్రభువా అని దారి పొడవునా అంటూనే ఉన్నాను. రొప్పుతూ అన్నాను కాబట్టి సగం మాటలే బయటికి వచ్చాయి. ఆయనకు అన్నీ అందే ఉంటాయి. ఆటో కంటే ముందు ఇల్లు చేరి పొయ్యి రగిలించాను.